ఫస్ట్ శాలరీ చెప్పినదానికన్నా తక్కువ పడిందా? ఉప్పల్, నాచారంలో కొత్తగా జాబ్‌లో చేరినవాళ్లు తెలుసుకోవాల్సిన కటింగ్స్ లెక్క ఇదే

ఆఫర్ లెటర్‌లో నెలకు రూ.40 వేలు అని ఉంది. ఒకటో తారీఖున ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లో మాత్రం రూ.35 వేల చిల్లరే కనిపిస్తోంది. మరి మిగతా పైసలు ఏమైనట్టు? ఉప్పల్ మెట్రో దిగి ఎన్‌ఎస్‌ఎల్ ఎరీనా, జెన్‌ప్యాక్ట్ క్యాంపస్ వైపు వెళ్లే కొత్త ఉద్యోగుల నుంచి నాచారం, మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాల్లో షిఫ్ట్ డ్యూటీలు చేసే కార్మికుల దాకా, మొదటి నెల అందరికీ వచ్చే డౌట్ ఇదే.

జీతం నుంచి కట్ అయ్యే ప్రతి రూపాయీ పోయినట్టు కాదు. అందులో ఎక్కువ భాగం మీ పేరు మీదే జమ అవుతుంది. అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. శాలరీ స్లిప్‌లో కట్ అయినట్టు కనిపించడం వేరు, అది నిజంగా మీ ఖాతాలో పడటం వేరు. రెండోది చూసుకోకపోతే అసలు నష్టం అక్కడే జరుగుతుంది. కట్ అయ్యేవి ఏంటి, ఎంత కట్ కావాలి, ఏది కట్ చేయకూడదు, ఫోన్‌లో ఎలా చెక్ చేసుకోవాలి.. వివరంగా చూద్దాం.

కటింగ్స్ మూడు రకాలు

స్లిప్‌లో కుడివైపు డిడక్షన్స్ అని ఒక వరుస ఉంటుంది. అందులో కనిపించేవన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకటి అవుతాయి.

ఒకటి, మీ పేరు మీద జమ అయ్యేవి లేదా మీకు రక్షణ ఇచ్చేవి. పీఎఫ్, ఈఎస్‌ఐ ఈ కోవలోకి వస్తాయి.

రెండు, ప్రభుత్వానికి వెళ్లే పన్నులు. ప్రొఫెషనల్ ట్యాక్స్, ఆదాయపు పన్ను కింద కోసే టీడీఎస్ ఇందులోవి.

మూడు, కంపెనీకి తిరిగి వెళ్లేవి. తీసుకున్న అడ్వాన్స్, క్యాంటీన్, క్యాబ్ చార్జీలు, రాని రోజుల జీతం లాంటివి. గొడవలు ఎక్కువగా వచ్చేది ఈ మూడో రకంలోనే.

సీటీసీ వేరు.. చేతికొచ్చేది వేరు

సీటీసీ అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అదంతా మీ జీతం కాదు. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టే మొత్తం, కొన్నిచోట్ల గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం, ఏడాదికోసారి ఇచ్చే వేరియబుల్ పే కూడా అందులోనే కలిపి చూపిస్తారు. వాటిని తీసేస్తే మిగిలేది గ్రాస్. గ్రాస్ నుంచి కటింగ్స్ పోగా బ్యాంకులో పడేది నెట్, అదే టేక్ హోమ్.

ఉప్పల్‌లోని ఒక ఆఫీసులో ఏడాదికి రూ.4.80 లక్షల సీటీసీతో చేరారనుకుందాం. అంటే కాగితం మీద నెలకు రూ.40,000. బేసిక్ అందులో సగం, రూ.20,000 అనుకుందాం.

కంపెనీ వాటా పీఎఫ్ రూ.1,800. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, దాదాపు రూ.962. ఈ రెండూ పోతే గ్రాస్ రూ.37,238. ఇప్పుడు ఇందులోంచి మీ వాటా పీఎఫ్ రూ.1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ రూ.200 తీసేయాలి. చేతికి వచ్చేది రూ.35,238. ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు.

ఇక్కడ కంపెనీ పీఎఫ్‌ను రూ.15,000 పరిమితి మీద లెక్కేసింది. కొన్ని కంపెనీలు మొత్తం బేసిక్ మీద లెక్కేస్తాయి. అప్పుడు రెండు వాటాలూ చెరో రూ.2,400 అవుతాయి. టేక్ హోమ్ రూ.34,038కి తగ్గుతుంది. చేతికి రూ.1,200 తక్కువ వచ్చినా, ఆ రూ.1,200 పీఎఫ్ ఖాతాలో ఎక్కువ పడుతుంది. ఒకే సీటీసీతో చేరిన ఇద్దరు ఫ్రెండ్స్‌కు వేర్వేరు కంపెనీల్లో వేర్వేరు జీతం ఎందుకు పడుతుందో ఇప్పుడు అర్థమైంది కదా.

అందుకే ఆఫర్ లెటర్ చేతికి రాగానే హెచ్‌ఆర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. పీఎఫ్ ఎంత మీద లెక్కేస్తారు? వేరియబుల్ పే ఎంత, ఎప్పుడిస్తారు? కటింగ్స్ అన్నీ పోగా నెలకు ఎంత పడుతుంది? ఈ లెక్క చేరిన తర్వాత అడిగేకన్నా చేరే ముందు అడగడమే మంచిది.

పీఎఫ్: మీరు రూపాయి పెడితే కంపెనీ ఇంకో రూపాయి

సాధారణంగా 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు పీఎఫ్ వర్తిస్తుంది. మీ బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 12 శాతం మీ జీతం నుంచి కట్ అవుతుంది. కంపెనీ కూడా మరో 12 శాతం కలపాలి. తప్పనిసరిగా పీఎఫ్ లెక్కేయాల్సిన జీతం పరిమితి 2014 సెప్టెంబర్ నుంచి నెలకు రూ.15,000గా ఉంది. చాలా స్లిప్పుల్లో రూ.1,800 అనే అంకె కనిపించడానికి కారణం ఇదే. రూ.15,000లో 12 శాతం అంతే.

మీ వాటా మొత్తం పీఎఫ్ ఖాతాలోకే వెళ్తుంది. కంపెనీ వాటా మాత్రం రెండుగా చీలుతుంది. 8.33 శాతం, గరిష్ఠంగా రూ.1,250, పెన్షన్ పథకానికి పోతుంది. మిగతాది పీఎఫ్‌లో పడుతుంది. పాస్‌బుక్‌లో కంపెనీ వాటా తక్కువగా కనిపించిందని కంగారు పడొద్దు. పక్కనే పెన్షన్ కాలమ్ ఉంటుంది, అదీ కలిపి చూడండి.

పీఎఫ్ మీద 2024-25 సంవత్సరానికి 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. పదేళ్ల సర్వీస్ పూర్తయితే పెన్షన్‌కు అర్హత వస్తుంది. దీంతో పాటు ఈడీఎల్‌ఐ అనే ఇన్సూరెన్స్ కూడా ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా సభ్యుడు చనిపోతే కుటుంబానికి గరిష్ఠంగా రూ.7 లక్షల వరకు వస్తుంది. దీనికి మీ జీతం నుంచి పైసా కట్ చేయరు, కంపెనీయే కడుతుంది. కాకపోతే నామినీ పేరు ఎక్కించి ఉండాలి. లేదంటే ఇంట్లోవాళ్లు కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మొదటిసారి ఉద్యోగంలో చేరుతూ, బేసిక్, డీఏ కలిపి రూ.15,000 దాటితే పీఎఫ్ వద్దనుకునే వీలుంది. చేతికి కాస్త ఎక్కువ వస్తుందని చాలామంది వద్దనేస్తుంటారు. దాంతో వడ్డీ, పెన్షన్ సర్వీస్, ఇన్సూరెన్స్ అన్నీ వదులుకున్నట్టే. కాబట్టి హెచ్‌ఆర్ ఇచ్చిన ఫామ్ మీద తొందరపడి సంతకం పెట్టకండి.

యూఏఎన్ ఒక్కటే ఉండాలి

యూఏఎన్ అంటే 12 అంకెల నంబర్. ఉద్యోగాలు ఎన్ని మారినా ఇది మారదు. 2025 ఆగస్టు 1 నుంచి కొత్త యూఏఎన్‌ను ఉమంగ్ యాప్‌లో ఆధార్ ఫేస్ అథెంటికేషన్‌తో తీసుకునే పద్ధతి వచ్చింది. ఇంతకుముందు చిన్న ఉద్యోగమైనా చేసి ఉంటే పాత యూఏఎన్ ఉండే ఉంటుంది. చేరేటప్పుడు ఇచ్చే ఫామ్ 11లో ఆ నంబరే రాయండి. కొత్తది తీసుకుంటే డబ్బు ఒకచోట, సర్వీస్ ఇంకోచోట ఉండిపోతాయి. ఆధార్, పాన్, బ్యాంక్ ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో కూడా మొదటి నెలలోనే చూసుకోండి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉండటం మన దగ్గర మామూలే. తీరా డబ్బు అవసరమైన రోజున క్లెయిమ్ ఆగిపోయేది ఇలాంటి చిన్న తేడాల వల్లే.

ఫస్ట్ జాబ్ వాళ్లకు రూ.15 వేల వరకు ప్రోత్సాహకం

2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య మొదటిసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చే ఉద్యోగులకు కేంద్రం ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన తెచ్చింది. నెల జీతం రూ.లక్ష లోపు ఉన్నవారికి ఒక నెల పీఎఫ్ జీతానికి సమానమైన మొత్తం, గరిష్ఠంగా రూ.15,000, రెండు విడతలుగా ఇస్తారు. ఆరు నెలలు పనిచేశాక మొదటి విడత. ఏడాది పూర్తయి, ఆర్థిక అక్షరాస్యత కోర్సు కూడా పూర్తి చేశాక రెండో విడత. అంటే కంపెనీ మీ పేరు మీద పీఎఫ్ కట్టకపోతే పోయేది ఆ 12 శాతమే కాదు, ఈ ప్రోత్సాహకం కూడా చేజారుతుంది.

నాచారం ఫ్యాక్టరీలో రూ.14 వేల జీతం.. లెక్క ఇలా

నాచారంలోని ఒక ప్యాకింగ్ యూనిట్‌లో బేసిక్, డీఏ కలిపి నెలకు రూ.14,000 జీతం అనుకుందాం. వేరే అలవెన్సులు ఏమీ లేవు.

పీఎఫ్ 12 శాతం అంటే రూ.1,680. ఈఎస్‌ఐ 0.75 శాతం అంటే రూ.105. ప్రొఫెషనల్ ట్యాక్స్ లేదు. మొత్తం కటింగ్ రూ.1,785. చేతికి వచ్చేది రూ.12,215.

అదే సమయంలో కంపెనీ తన జేబు నుంచి పీఎఫ్, పెన్షన్ కింద రూ.1,680, ఈఎస్‌ఐ కింద 3.25 శాతం అంటే రూ.455 కట్టాలి. పాస్‌బుక్‌లో మీ వాటా రూ.1,680, కంపెనీ వాటా రూ.514, పెన్షన్ రూ.1,166 అని కనిపించాలి. ఈ మూడు కాలమ్స్ కలిపితే నెలకు రూ.3,360. ఏడాదికి రూ.40 వేలు దాటుతుంది. ఇందులో ఒక్క నెల పడకపోయినా మీకు తెలియాలి.

ఈఎస్‌ఐ: నెలకు వంద రూపాయలతో ఇంటిల్లిపాదికీ వైద్యం

నెల జీతం రూ.21,000 వరకు ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. దివ్యాంగులకు ఈ పరిమితి రూ.25,000. 2019 జులై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతంగా ఉంది.

నాచారంలోనే ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉండటం ఈ ప్రాంతం వాళ్లకు పెద్ద ఊరట. ముందుగా మీకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్లాలి, అక్కడి నుంచి అవసరాన్ని బట్టి పెద్దాస్పత్రికి పంపిస్తారు. సనత్‌నగర్‌లో ఈఎస్‌ఐసీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి కూడా ఉంది. చేరిన రోజు నుంచే మీకు, మీ మీద ఆధారపడిన కుటుంబ సభ్యులకు వైద్యం అందాలి.

వైద్యమే కాదు, జీతం ఆగిపోయిన రోజుల్లో డబ్బు కూడా వస్తుంది. జబ్బు చేసి సెలవులో ఉంటే ఏడాదికి 91 రోజుల వరకు రోజు వేతనంలో 70 శాతం ఇస్తారు. దీనికి కనీసం 78 రోజుల చందా ఉండాలి. కొత్తగా చేరినవాళ్లకు ఇది దాదాపు తొమ్మిది నెలల తర్వాత మొదలవుతుంది. మహిళా ఉద్యోగులకు, చందా షరతులు పూర్తయితే, 26 వారాల ప్రసూతి ప్రయోజనం ఉంటుంది.

డ్యూటీలో ప్రమాదం జరిగితే మాత్రం ఇన్ని రోజుల చందా ఉండాలన్న షరతు లేదు. మెషీన్‌లో చెయ్యి పడినా, రసాయనం మీద పడి కాలినా, కోలుకునే వరకు వేతనంలో 90 శాతం దాకా వస్తుంది. ఇంటి నుంచి డ్యూటీకి వచ్చీపోయే దారిలో జరిగే ప్రమాదాలను కూడా, ఉద్యోగంతో సంబంధం ఉందని తేలితే, ఇందులోకే తీసుకుంటారు. నైట్ షిఫ్ట్‌కు బైక్‌ల మీద వెళ్లేవాళ్లు ఈ విషయం తప్పక గుర్తుపెట్టుకోవాలి.

చేరిన వెంటనే పది అంకెల ఈఎస్‌ఐ నంబర్, ఈ-పెహచాన్ కార్డ్ అడిగి తీసుకోండి. భార్య, పిల్లలు, తల్లిదండ్రుల పేర్లు అందులో ఉన్నాయో లేదో చూడండి. జీతం పెరిగి రూ.21,000 దాటితే ఆ నెల నుంచే ఈఎస్‌ఐ ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు చందా కాలాలు ఉంటాయి. మీరున్న కాలం ముగిసేదాకా కటింగ్ కొనసాగుతుంది, ప్రయోజనమూ కొనసాగుతుంది.

ప్రొఫెషనల్ ట్యాక్స్: రూ.150 ఎందుకు కట్ అయింది?

ఇది రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లే పన్ను. తెలంగాణలో నెల జీతం రూ.15,000 వరకు ఉంటే ఏమీ లేదు. రూ.15,001 నుంచి రూ.20,000 వరకు రూ.150. రూ.20,000 దాటితే రూ.200. జీతం లక్ష అయినా రెండు లక్షలైనా అదే రూ.200. రాజ్యాంగం ప్రకారం ఈ పన్ను ఒక మనిషికి ఏడాదికి రూ.2,500 మించకూడదు.

రూ.14 వేల జీతం ఉన్న కార్మికుడికి ఒక నెల ఓవర్‌టైమ్ రూ.2,000 వచ్చిందనుకోండి. మొత్తం రూ.16,000 అయింది కాబట్టి ఆ నెల రూ.150 ప్రొఫెషనల్ ట్యాక్స్ పడుతుంది. పోయిన నెల లేని కటింగ్ ఈ నెల ఎక్కడి నుంచి వచ్చిందని సూపర్‌వైజర్‌తో గొడవ పెట్టుకునే ముందు ఈ లెక్క చూసుకోండి.

వీటితో పాటు ఏడాదికోసారి లేబర్ వెల్ఫేర్ ఫండ్ కింద చాలా చిన్న మొత్తం కట్ కావచ్చు. అది చూసి భయపడాల్సిన పని లేదు.

టీడీఎస్: రూ.12.75 లక్షల జీతం వరకు పన్ను లేదు

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో పన్ను లెక్కేసే ఆదాయం రూ.12 లక్షల వరకు ఉంటే రిబేట్ వల్ల పన్ను సున్నా. జీతం తీసుకునేవాళ్లకు రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ అదనం. అంటే రూ.12.75 లక్షల జీతం దాకా పన్ను పడదు. కొత్త విధానమే డిఫాల్ట్. పాత విధానం కావాలంటే ఆ మాట మీరే కంపెనీకి చెప్పాలి. ఇంటి అద్దె మినహాయింపు, 80సీ లాంటివి పాత విధానంలోనే పనికొస్తాయి.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాత కంపెనీలో వచ్చిన జీతం, కట్ అయిన పన్ను వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వాలి. లేదంటే రెండు కంపెనీలూ విడివిడిగా మినహాయింపులు లెక్కేస్తాయి. చివర్లో రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి పన్ను మీద పడుతుంది. పన్ను పడే జీతం ఉండి పాన్ ఇవ్వకపోతే కనీసం 20 శాతం కోసేస్తారు. టీడీఎస్ కట్ అయితే ఫామ్ 16 అడిగి తీసుకోండి.

కొత్త లేబర్ కోడ్స్‌తో ఏం మారింది?

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్స్ అమల్లోకి వచ్చాయి. కొత్తగా చేరేవాళ్ల మీద ఎక్కువ ప్రభావం చూపేది వేతనం అనే మాటకు ఇచ్చిన కొత్త నిర్వచనం. ఇంటి అద్దె, కన్వేయన్స్ లాంటి అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, ఆ దాటిన భాగాన్ని కూడా వేతనంలో కలిపి లెక్కేయాలి.

ఉదాహరణకు మొత్తం జీతం రూ.24,000. బేసిక్ రూ.8,000 మాత్రమే చూపించి, మిగతా రూ.16,000 ఇలాంటి అలవెన్సుల కింద రాశారనుకుందాం. సగం అంటే రూ.12,000. దాటిన రూ.4,000 వేతనంలో కలుస్తుంది. కాబట్టి పీఎఫ్ లెక్క రూ.8,000 మీద కాకుండా రూ.12,000 మీద వేయాలి. మీ కటింగ్ రూ.960 నుంచి రూ.1,440కి పెరుగుతుంది. చేతికి రూ.480 తగ్గుతుంది గానీ, కంపెనీ కూడా రూ.480 ఎక్కువ కట్టాలి. మీ పేరు మీద నెలకు రూ.960 అదనంగా జమ అవుతుంది. ఇప్పటికే రూ.15,000 పరిమితి మీద పీఎఫ్ కట్ అవుతున్నవాళ్లకు మాత్రం టేక్ హోమ్ మారదని కేంద్ర కార్మిక శాఖ స్పష్టం చేసింది.

ఇంకొన్ని ముఖ్యమైన విషయాలు. నెల జీతం తర్వాతి నెల ఏడో తారీఖులోపు ఇవ్వాలి. ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్, వేతన స్లిప్ ఇవ్వాలి. రాజీనామా చేసినా, తీసేసినా రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో సెటిల్ చేయాలి. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు ఇవ్వాలి.

ఇవి కట్ చేయడానికి వీల్లేదు

కంపెనీ తనకు నచ్చినట్టు జీతంలో కోత పెట్టడం కుదరదు. చట్టం ఒప్పుకున్న కారణాలకే కట్ చేయాలి. అన్ని కటింగ్స్ కలిపినా ఆ నెల వేతనంలో సగం దాటకూడదు.

జరిమానా వేయాలంటే ఏయే తప్పులకు వేస్తారో ముందే నోటీసులో పెట్టాలి. మీ వాదన వినాలి. అది ఆ నెల వేతనంలో 3 శాతం మించకూడదు. రూ.14,000 వేతనం మీద గరిష్ఠంగా రూ.420 అన్నమాట. పది నిమిషాలు లేటైతే రోజు జీతం మొత్తం కొట్టేయడం లాంటివి చట్టం ముందు నిలవవు.

వస్తువు పోయినా, పాడైనా దాని ఖర్చు మీ జీతంలోంచి తీసుకోవాలంటే అది మీకు ప్రత్యేకంగా అప్పగించిన వస్తువై ఉండాలి. మీ నిర్లక్ష్యం వల్లే పోయి ఉండాలి. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. స్టాక్‌లో తేడా వచ్చిందని షిఫ్ట్‌లో ఉన్న అందరి జీతాల నుంచి సమానంగా కోసేయడం కుదరదు.

అన్నిటికన్నా ముఖ్యం, కంపెనీ వాటా పీఎఫ్, ఈఎస్‌ఐలను మీ గ్రాస్ జీతం నుంచి కట్ చేయకూడదు. సీటీసీలో ఒకసారి కలిపి చూపించిన వాటాను స్లిప్‌లో డిడక్షన్స్ కింద మళ్లీ కోస్తే వెంటనే అడగండి. రూ.14,000 వేతనానికి పీఎఫ్ రూ.3,360 కట్ అయిందంటే రెండు వాటాలూ మీ దగ్గరే వసూలు చేస్తున్నట్టు.

కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నారా? ఇవి చూడండి

నాచారం, ఉప్పల్, చర్లపల్లి వైపు ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో, సెక్యూరిటీ, హౌస్ కీపింగ్ పనుల్లో చాలామంది కాంట్రాక్టర్ల కింద ఉంటారు. గేటు మీద బోర్డు ఒక కంపెనీది, జీతం వేసేది ఇంకొకరు. కాబట్టి మీ స్లిప్ మీద ఎవరి పేరుందో, పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏ సంస్థ పేరుందో రెండూ సరిచూసుకోండి.

కాంట్రాక్టర్ మారిన ప్రతిసారీ మీ పాత యూఏఎన్, ఈఎస్‌ఐ నంబరే కొత్తవాళ్లకు ఇవ్వండి. స్లిప్ ఇవ్వకుండా నగదు చేతిలో పెట్టి సంతకం చేయించుకుంటుంటే, ఎంత రాసి ఉందో చదివాకే సంతకం పెట్టండి. కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే, మీరు పనిచేసిన సంస్థ యజమానికి కూడా బాధ్యత ఉంటుంది. అందుకే గేట్ పాస్, హాజరు ఫొటో, షిఫ్ట్ మెసేజ్‌లు దాచుకోండి. అక్కడ పనిచేశారని చూపించే రుజువు అదే.

మొదటి నెల జీతం మరీ తక్కువ వస్తే?

నెల మధ్యలో చేరితే పనిచేసిన రోజులకే జీతం వస్తుంది. చాలా కంపెనీలు 20 లేదా 25వ తారీఖుకే హాజరు లెక్క మూసేస్తాయి. ఆ తర్వాత చేరినవాళ్ల జీతం తర్వాతి నెలలో కలిపి వేస్తారు.

రోజు జీతం లెక్కలోనూ తేడా ఉంటుంది. రూ.14,000ను 26 రోజులతో భాగిస్తే రోజుకు రూ.538. 30 రోజులతో భాగిస్తే రూ.467. మీ కంపెనీ ఏ పద్ధతిలో లెక్కేస్తుందో తెలిస్తేనే, ఒక్కరోజు రానందుకు ఎంత కట్ కావాలో తెలుస్తుంది.

ఫోన్‌లో ఐదు నిమిషాల్లో ఇలా చెక్ చేసుకోండి

కట్ చేసిన పీఎఫ్, ఈఎస్‌ఐలను కంపెనీ తర్వాతి నెల 15వ తారీఖులోపు కట్టాలి. కాబట్టి ప్రతి నెలా 20వ తారీఖు దాటాక ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

1. ఉమంగ్ యాప్ ఓపెన్ చేసి ఈపీఎఫ్‌ఓ సేవల్లో పాస్‌బుక్ చూడండి. మీ వాటా, స్లిప్‌లో కట్ అయిన మొత్తం ఒకటే కావాలి.

2. నెట్ లేకపోతే, యూఏఎన్‌కు లింక్ అయిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి. చివరి జమ, బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. దీనికి యూఏఎన్ యాక్టివేట్ అయి ఉండాలి.

3. పాస్‌బుక్‌లో వేతనం అని ఉన్న అంకె, మీ బేసిక్, డీఏతో సరిపోతోందో లేదో చూడండి.

4. ఈఎస్‌ఐసీ పోర్టల్‌లో మీ ఈఎస్‌ఐ నంబర్‌తో లాగిన్ అయి చందా వివరాలు, కుటుంబ సభ్యుల పేర్లు చూడండి.

5. టీడీఎస్ కట్ అయినవాళ్లు ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్ చూడండి. మీ పాన్ మీద ఆ పన్ను కనిపించాలి.

ఒక నెల ఆలస్యమైతే అడిగి చూడండి. వరసగా రెండు మూడు నెలలు ఖాళీగా కనిపిస్తే మాత్రం ఊరుకోవద్దు. కార్మికుడి జీతం నుంచి పీఎఫ్ కట్ చేసి జమ చేయకపోవడం చట్టం ప్రకారం నేరం.

ఫిర్యాదు ఎవరికి చేయాలి?

ముందు హెచ్‌ఆర్‌కు నోటి మాటగా కాకుండా మెయిల్ లేదా మెసేజ్ పెట్టండి. ఏ నెల, ఎంత కట్ అయింది, ఎంత పడలేదు అనేది రాయండి. జవాబు రాకపోతే ఈపీఎఫ్‌ఐజీఎంఎస్ అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో యూఏఎన్‌తో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఈపీఎఫ్‌ఓ హెల్ప్‌లైన్ నంబర్ 14470. హైదరాబాద్‌లో ఈపీఎఫ్‌ఓ ప్రాంతీయ కార్యాలయం బర్కత్‌పురాలో ఉంది. ప్రతి నెలా 27న నిధి ఆప్కే నికట్ పేరుతో జిల్లాల్లో సమస్యలు వినే కార్యక్రమం కూడా జరుగుతుంది. 27న సెలవైతే తర్వాతి పనిదినాన పెడతారు.

ఈఎస్‌ఐ సమస్యలకు టోల్ ఫ్రీ నంబర్ 1800112526. ఈఎస్‌ఐసీ ప్రాంతీయ కార్యాలయం ఆదర్శనగర్‌లోని హిల్‌ఫోర్ట్ రోడ్డులో ఉంది. జీతమే ఇవ్వకపోయినా, అక్రమంగా కోత పెట్టినా రాష్ట్ర కార్మిక శాఖ అధికారులకు ఫిర్యాదు చేయాలి. వేతనానికి సంబంధించిన క్లెయిమ్‌కు మూడేళ్ల గడువు ఉంటుంది. ఉద్యోగం మానేసినంత మాత్రాన హక్కు పోదు.

స్లిప్ పారేయొద్దు

జీతం మెసేజ్ వస్తే చాలు, స్లిప్ ఎందుకులే అనుకునేవాళ్లే ఎక్కువ. బ్యాంక్ మెసేజ్‌లో చేతికొచ్చిన అంకె ఒక్కటే ఉంటుంది. ఎంత కట్ చేశారు, దేనికి కట్ చేశారు అన్నది స్లిప్‌లోనే ఉంటుంది. రేపు పీఎఫ్ పడలేదని అడగాలన్నా, లోన్‌కు వెళ్లాలన్నా, కొత్త కంపెనీలో పాత జీతం చూపించాలన్నా అదే కావాలి. కొన్ని కంపెనీల్లో ఉద్యోగం మానేసిన మర్నాడే ఆఫీస్ లాగిన్ ఆగిపోతుంది, అప్పుడు స్లిప్పులు దొరకవు.

అందుకే ప్రతి నెలా స్లిప్ డౌన్‌లోడ్ చేసి మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. కాగితం ఇస్తే ఫొటో తీసి పెట్టుకోండి. యూఏఎన్, ఈఎస్‌ఐ నంబర్, నామినీ వివరాలు ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. ఉద్యోగం మారేటప్పుడు పీఎఫ్ డ్రా చేసేయకుండా కొత్త ఖాతాకు ట్రాన్స్‌ఫర్ అయ్యేలా చూసుకోండి. డ్రా చేస్తే పెన్షన్‌కు కావాల్సిన పదేళ్ల సర్వీస్ లెక్క దెబ్బతింటుంది. ఐదేళ్లు నిండకముందే రూ.50,000, అంతకన్నా ఎక్కువ తీస్తే టీడీఎస్ కూడా పడొచ్చు.